గుత్తి కొండకు తుపాకీ తోడా?

చదునైన నేల మధ్య ఎవరో కుప్పపోసినట్టు బండరాళ్లు... వాటి మీద కోట! బెంగళూరు-హైదరాబాద్ రహదారిలో వెళ్లేవాళ్లకు గుత్తి దూరం నుంచే కనిపిస్తుంది. ఒక్కో వాకిలి దాటుతూ పైకెక్కితే మురారిరావు ఘోర్పడే కూర్చునేవాడని చెప్పే చోటు వస్తుంది. అక్కణ్నుంచి ఊరూ, రైలు పట్టాలూ, శెనక్కాయ చేలూ... అన్నీ కాళ్ల కింద పరచినట్టే!

అయితే అనంతపురం రాళ్లగుట్టలంటే కొత్తవాళ్లకు ఒక భయం... 'ఎలుగుబంటి ఎదురైతే?' గుత్తికి నైరుతిలో ఉన్న రాయదుర్గం, కళ్యాణదుర్గం కొండలు ఎలుగులకు పేరుపడ్డవి మరి. ట్రెక్కింగ్ సరదా ఉన్న కుర్రాళ్లయితే ఇంకో అడుగు ముందుకేస్తారు... 'నడుముకు చిన్న పిస్తోలుంటే చాలదా?' అని.

చాలదనే అంటోంది అలాస్కా అనుభవం. అక్కడ అడవికెళ్లేవాళ్లు 44 మాగ్నమ్ లాంటి పెద్ద రివాల్వర్లే ఎంచుకుంటారు. 1883 నుంచి 2009 వరకు అక్కడ జరిగిన 269 ఘటనలను టామ్ స్మిత్ బృందం పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. తుపాకీ పేల్చినవాళ్లకూ, దగ్గరున్నా పేల్చనివాళ్లకూ గాయాల విషయంలో తేడా కనిపించలేదు! ఎలుగు మీదికి ఉరికేటప్పుడు తుపాకీ తీసి గురిపెట్టే వ్యవధి దొరకడమే కష్టం. అదే బృందం 2008లో వెల్లడించిన మరో పరిశీలనలో మిరపఘాటు స్ప్రే వాడినప్పుడు నూటికి 92 సార్లు గోధుమరంగు ఎలుగులు వెనక్కి తగ్గాయి.

మన దగ్గర పిస్తోలు కావాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మన ఎలుగుది మొదటి షెడ్యూలు. ప్రాణం కాపాడుకోవడానికి తప్పనిసరై చంపితే నేరం కాదు కానీ, వేటాడితే జైలే.

దాని గుణం తెలిస్తే సగం భయం పోతుంది. చూపు మందం, ముక్కు చురుకు. పుట్ట తవ్వి చెదపురుగులు పీల్చేటప్పుడు అడుగుల చప్పుడు కూడా పట్టించుకోదు. మనం దగ్గరికెళ్లేసరికి ఉలిక్కిపడి మీదపడుతుంది. పిల్లల్ని వీపున మోసే తల్లయితే మరీ ప్రమాదం. అందుకే గుంపుగా వెళ్లాలి, గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. తెల్లారాక ఎక్కి, పొద్దుగూకక ముందే దిగాలి. ఎలుగుల్ని కళ్లారా చూడాలనుంటే బళ్లారి మీదుగా హంపి దగ్గరి దరోజికి వెళ్లొచ్చు. 1994లో వాటికోసమే పెట్టిన అభయారణ్యమది.

కోట చూడ్డానికొచ్చేవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఎలుగులు తిరిగే గుట్టల పక్కన, రాత్రి కరెంటొచ్చినప్పుడు చేనుకు నీళ్లు కట్టే రైతుకు ఆ వీలేదీ? సాలుకు 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన సీమ ఇది. గుట్ట మీద నీటిగుంటలు ఎండితే, రేగుపళ్లూ సీతాఫలాలూ దొరక్కపోతే ఎలుగు చేలోకే దిగుతుంది. ఆ రైతుకు కావాల్సింది పగటిపూట కరెంటు, చేతిలో టార్చిలైటు, గుట్ట మీద జంతువుల కోసం ఓ నీళ్లతొట్టి.

దాహం ఎంత పని చేస్తుందో గుత్తికి తెలియంది కాదు. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు ఇంత గట్టి కోటా చివరికి లొంగిపోయింది నీళ్లు అడుగంటే!