క్రాస్బీని ఓడించిన ఊరు

కెనడాలో పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్ల ఐస్ హాకీకి ఒక జాతీయ కప్పు ఉంది. 1974లో మొదలైనప్పుడు చూయింగ్ గమ్ కంపెనీ పేరుతో రిగ్లీ కప్, తర్వాత ఎయిర్ కెనడా కప్, 2004 నుంచి ఫోన్ల కంపెనీ పేరుతో టెలస్ కప్. డబ్బు ఎవరిదైతే పేరు వాళ్లది. ఐపీఎల్ చూసే మనకి ఇదేం వింత కాదులెండి.

నాకు నచ్చింది 2002 ఫైనల్. ఒకవైపు డార్ట్‌మత్ సబ్‌వేస్. అందులో పద్నాలుగేళ్ల సిడ్నీ క్రాస్బీ. తనకంటే పెద్ద కుర్రాళ్ల మధ్య ఆడుతూ టోర్నీలో అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టాడు, ఉత్తమ ఆటగాడి బహుమతీ అతనికే. ఇంకోవైపు టిస్‌డేల్ ట్రోజన్స్. టిస్‌డేల్ అంటే సస్కాచెవాన్ రాష్ట్రంలో పొలాల మధ్య దాదాపు మూడు వేల జనాభా ఉన్న ఊరు, మన లెక్కలో ఓ మోస్తరు పంచాయతీ. కప్పు మాత్రం వాళ్లే ఎగరేసుకుపోయారు, 6-2 తేడాతో!

క్రాస్బీకేం, తర్వాత ప్రొఫెషనల్ హాకీలో అతిపెద్ద కప్పు, స్టాన్లీ కప్పు, మూడుసార్లు గెలిచాడు. 2010 వాంకూవర్ ఒలింపిక్ ఫైనల్లో అమెరికా మీద గెలుపు గోల్ కూడా అతనిదే. నా ధ్యాసంతా ఆ టిస్‌డేల్ కుర్రాళ్ల మీదే. ఇప్పుడు నలభైల్లో పడుంటారు. పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లలో ఎవరు దొరికితే వాళ్లకి ఆ ఫైనల్ కథ ఎన్నిసార్లు చెప్పుంటారో! నేనైతే విజిటింగ్ కార్డు మీద అచ్చు వేయించుకునేవాణ్ణి.