రెండు మిల్లీమీటర్ల ముక్క

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి రాగానే ఫోన్‌లోకి తల దించేసేవాణ్ణి. 2019లో మా పిన్ని కొడుక్కి అక్కడే ఆపరేషన్ జరిగింది. కొత్త ఉద్యోగం, లీవ్ దొరకదని చెప్పి నేను వెళ్ళలేదు. అసలు కారణం వేరు.

2006 వేసవి సెలవులు. అమ్మమ్మ తమలపాకుల పెట్టెలోని సున్నం ప్యాకెట్‌తో ఆడుకుంటున్నాం. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఆరు. గట్టిగా నొక్కింది నేనే. ప్యాకెట్ పగిలి సున్నం వాడి ఎడమ కంట్లో పడింది. ఆ కంగారులో నీళ్ళతో కడగాలని ఎవరికీ తోచలేదు. చీరకొంగుతో తుడిచి, ఆటో కోసం పరిగెత్తారు. ఆ కన్ను తెల్లగా పొర కమ్మేసింది.

పోయిన నెల చెకప్‌కి మాత్రం నేనే తీసుకెళ్ళాను. సినిమా నిర్మాత ఎల్.వి.ప్రసాద్ కుటుంబం స్థలం, డబ్బు ఇస్తే, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆస్పత్రి ఇది. ఫీజు కట్టగలిగినవాళ్ళకీ, కట్టలేనివాళ్ళకీ ఒకే వైద్యం. హాల్లో పల్లెటూరి తాతలు, ల్యాప్‌టాప్ బ్యాగుల కుర్రాళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు.

వాడికి చేసిన ఆపరేషన్ పేరు స్లెట్. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో స్టెమ్ సెల్స్ ఉంటాయి. కార్నియా పైపొరని ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసేవి అవే. సున్నం వాటిని కాల్చేస్తే, దానం చేసిన కార్నియా తెచ్చి పెట్టినా నిలవదు. 2001 నుంచి ఇక్కడి డాక్టర్లు మంచి కంటి నుంచి ఆ కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి అతికించేవారు. దానికి ఖర్చెక్కువ. 2012లో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ల్యాబ్ అవసరమే లేని పద్ధతిని ప్రచురించింది. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది ముక్కలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పల్చటి ఉమ్మనీటి పొర పరిచి, దానిపై జిగురుతో అతికిస్తారు. కణాలు కంటి మీదే పెరుగుతాయి. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయడం! కాకపోతే రెండో కన్ను బాగుండాలి, లోపల రెటీనా, నరం కూడా బాగుండాలి.

కుడికన్ను మూసుకుని వాడు చార్ట్ చదువుతుంటే నాకు చేతులు చెమటలు పట్టాయి. నాలుగో వరుస దాకా చదివాడు.

బయటికొచ్చి టీ తాగుతుంటే చెప్పేశాను, "ఆ రోజు నొక్కింది నేనేరా."

"తెలుసన్నా. ఆపరేషన్‌కి నువ్వు రానప్పుడే బాధేసింది" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వచ్చే చెకప్ తేదీ ఫోన్‌లో పెట్టుకున్నాను.

మీ ఇంట్లో సున్నం వాడేవాళ్ళుంటే పిల్లలకి అందకుండా పెట్టండి. కంట్లో పడిందా, తుడవకండి, నలపకండి. వెంటనే మంచినీళ్ళతో కనీసం పావుగంట ఆగకుండా కడిగి, ఆ తర్వాతే ఆస్పత్రికి బయల్దేరండి.