తప్పిన కొలత ఉన్న పేజీ

శామీర్‌పేట సమీపాన జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలో డిగ్రీ స్థాయి విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పరిశోధనను ఒక కోర్సుగానే ఎంచుకోవచ్చు. పరిశోధన పత్రాలు చదివి సాగించేది అధ్యయన ప్రాజెక్టు, పరికరాలతో కొలిచి తేల్చేది ప్రయోగశాల ప్రాజెక్టు, ఒక వస్తువునో వ్యవస్థనో రూపొందించి పరీక్షించేది డిజైన్ ప్రాజెక్టు. వీటన్నిటిలో మార్కుల కన్నా విలువైనది ప్రయోగ పుస్తకమే: తప్పిన కొలతను చెరిపివేయక, ఒక్క గీత కొట్టి, పక్కనే తేదీతో కొత్త అంకె వేసిన ఆ పేజీ దగ్గరే, జవాబు ముందే తెలిసిన లెక్కలతో బడి చదువంతా గడిపినవారు ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న ఎదుట నిలుస్తారు. మేడ్చల్ పరిసరాల ఇతర ఇంజనీరింగ్ కళాశాలల్లో మాత్రం ప్రధాన ప్రాజెక్టు సాధారణంగా చివరి ఏడాదికే వస్తుంది. అది రెండో ఏడాదిలోనే రావాలి, ఎందుకంటే పరికరం మొరాయించినప్పుడు మళ్లీ మొదటినుంచి కొలవడానికి వ్యవధి ఉండాలి.