పికప్పు బండిలో కుక్కపిల్ల

మలేషియా దేశములో పేరాక్ రాష్ట్రమునందలి బాగన్ దాతుక్ ప్రాంతపు తోటలలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురముండుట చదువరులెరిగినదే. అట్టి తోట యొకదానిలో, వరుస యిండ్ల చివరి యింట, ఒక వృద్ధుడు భార్యతోను, కొడుకు కోడండ్రతోను, పదునొకండేండ్ల మనుమనితోను నివసించుచున్నాడు. పాములు తిరుగు చోట, అడవిపందులు వచ్చి పెరటిలోని కర్రపెండలమును పెల్లగించిపోవు చోట, కుక్కలేని యిల్లు అరుదు. అయినను 2019వ సంవత్సరము మొదలు ఆ యింట కుక్క లేదు. ఇరుగుపొరుగువారు కారణమడిగినప్పుడెల్ల ముసలాయన మాట మార్చుచుండెను.

ఆ సంవత్సరము ఆయన తన యెఱ్ఱకుక్కను పికప్పు బండి వెనుక తొట్టిలో నెక్కించి పొరుగు తోటకు తీసికొనిపోయెను. అది దూకకుండుటకై మెడపట్టీకి రెండు మూరల త్రాడు కట్టి, కొనను తొట్టిలోని కొక్కెమునకు ముడివేసి, కట్టితిని గదా యని నిశ్చింతగా ముందు కూర్చుండెను. కాలువ వంతెన యొద్ద మోటారు సైకిలొకటి అడ్డము రాగా బండి తటాలున ఆగెను. కుక్క తొట్టిగోడ మీదుగా వెలుపలికి పడెను. ఆ త్రాడు కుక్కను లోపల నిలుపుటకు మిక్కిలి పొడవు. నేలను తాకనిచ్చుటకు మిక్కిలి పొట్టి. బండి మరల కదలెను. వెనుక వచ్చువారు కేకలు వేయువరకు ముందున్నవారికి సంగతి తెలియలేదు. ఎవరును ఆయనను నిందింపలేదు. అయినను ఆ ముడి తన చేతులతో వేసినదే యను తలంపు ఆయనను విడువలేదు.

2024వ సంవత్సరమున తెలుక్ ఇంతాన్ పట్టణమందున్న ఆయన కుమార్తె యింట కుక్క యీనెను. పిల్లలకు మూడు నెలలు వచ్చినప్పుడు, “తాతా, మేనత్త ఒక పిల్లను ఇచ్చెదనన్నది. తెచ్చుకొందమా?” అని మనుమడడిగెను. ముసలాయన రెండు దినములు ఉత్తరమియ్యలేదు. మూడవ దినమున పాత మంచపు పలకలు దించి, రంపము చేతబట్టి, “పెట్టె లేనిదే పిల్ల రాదురా” అనెను.

ఆ పెట్టెను గూర్చి కొంత వివరింపవలసియున్నది. పిల్ల లేచి నిలువబడుటకు, చుట్టు తిరుగుటకు, కాళ్లు చాపి పండుకొనుటకు సరిపడునంతయే దాని పరిమాణము. పెద్దదైన మేలు గదా యని కోడలనగా, పెద్ద పెట్టెలో బండి ఆగినప్పుడెల్ల పిల్ల ఒక గోడనుండి మరియొక గోడకు కొట్టుకొనునని ఆయన చెప్పెను. మూడు ప్రక్కల గాలి యాడుటకు సందులు విడిచెను గాని, కాలు దూరి యిరుకుకొనునంత వెడల్పుగా విడువలేదు. తలుపు గడియ వెలుపల వేసి, దానిపై తీగ చుట్టుటకు మేకు కొట్టెను. వారము దినములు ముందుగానే పెట్టెను కుమార్తె యింటికి పంపి, తలుపు తెరచియుంచి లోపలనే పిల్లకు తిండి పెట్టుమని కబురు చేసెను. ఇది వట్టి చాదస్తమని అల్లుడు నవ్వెనట. కాని అయిదవ దినమునకు పిల్ల తనంతట తానే దానిలో పోయి నిద్రించుచుండెను. క్రొత్త పెట్టె, క్రొత్త బండి, తల్లిని విడుచుట, ఈ మూడును ఒక్క దినముననే మీదపడిన పసిజీవము బెదరదా?

ప్రయాణ దినమున ముసలమ్మ మోకాళ్ల నొప్పికి ఆసుపత్రికి పోవలసియుండెను గనుక అందరును కొడుకు బండిలో తెలుక్ ఇంతాన్ చేరిరి. పిల్లను పశువైద్యురాలి యొద్దకు తీసికొనిపోయి టీకా వేయించిరి. ఆమె చెప్పిన మొదటి మాట, చోటున్నయెడల పెట్టెను బండి లోపలనే ఉంచుడని. కాని నలుగురు ఎక్కి, ముసలమ్మ కాలు చాపుకొనిన పిదప లోపల పెట్టెకు చోటు మిగులదు. అట్లయిన తొట్టిలో, ముందరి గోడకానించి, కదలకుండ బిగింపవలెనని ఆమె చెప్పెను. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో తొట్టిగోడలు 46 అంగుళముల యెత్తు లేనిచో రహదారి మీద కుక్కను పెట్టెలోనైనను ఉంచవలెను, లేదా ఇరుప్రక్కలనుండి కట్టవలెనను చట్టము కలదు. మన బండ్ల తొట్టిగోడలు అందులో సగమైనను ఉండవు.

తొట్టినంతయు టార్పాలిన్‌తో మూసివేసెదనని కొడుకు అనగా వైద్యురాలు వలదనెను. అట్లు మూసినచో బండి పొగ లోపలికి చేరి నిలుచును. ఆ పొగలో రంగును వాసనయు లేని విషవాయువు కలదు. నీడ పైన మాత్రముండవలెను, ప్రక్కలు తెరచియుండవలెను.

పనులన్నియు తీరునప్పటికి మధ్యాహ్నమాయెను. ముసలాయన తొట్టి రేకుమీద అరచేయి ఆనించి చటుక్కున వెనుకకు తీసికొనెను. కుక్కకు మనవలె ఒడలంతటను చెమట పట్టదు. పాదముల అడుగున కొంచెము పట్టును, ఎండలో వేడి ముఖ్యముగా నాలుక చాపి రొప్పుటవలననే పోవలెను. దాని సహజపు వేడిమి 38, 39 డిగ్రీలు. 41 దాటెనా ప్రాణాపాయమే. “ఎండ తగ్గినగాని కదలను” అని ఆయన చెట్టు క్రింద కూర్చుండెను.

మరునాటి తెల్లవారుజామున తోటపనికి లేవవలసిన కొడుకు విసుగుకొనెను. మనుమడు మరియొక ఉపాయము చెప్పెను. “నేను వెనుక కూర్చుండి పిల్లను ఒడిలో పట్టుకొనెదను.” తండ్రి ఒప్పుకొనబోయెను. వానికి తొందరయే గాని దుర్బుద్ధి లేదు. ముసలాయన మాత్రము లేచి నిలువబడి, అయిదేండ్లు నోట రాని వంతెన సంగతి మనుమనికి మొదటినుండి కడవరకు చెప్పెను. పిమ్మట, “కుక్కనే నిలుపలేని తొట్టి నిన్ను నిలుపునా?” అనెను. పిల్లవాడు మరి మాటలాడక నీళ్లు తెచ్చి రేకుమీద పోసెను.

అయిదు గంటలకు బయలుదేరిరి. పిల్లకు ఉదయము పదింటి తరువాత తిండి పెట్టలేదు, కొంచెము కొంచెముగా నీరు మాత్రమిచ్చిరి. తొట్టిలో రబ్బరు చాప పరచి, దానిమీద పెట్టెనుంచి, రెండు వెడల్పు పట్టీలతో నాలుగు కొక్కెములకు బిగించిరి. ముసలాయన రెండు చేతులతో పట్టి ఊపెను. పెట్టె కదలక బండియే ఊగెను. పిల్ల మెడకు త్రాడు కట్టలేదు, పట్టీని కూడ తీసివేసిరి. పెట్టెలో నున్నప్పుడు మెడకేమియు తగులుకొనరాదు.

దారి పొడుగునను ఆయన ముందుకు చూడలేదు. వెనుక అద్దములోనుండి పెట్టెనే చూచుచుండెను. హూతాన్ మెలింతాంగ్ యొద్ద బండి నాపి చూడగా పిల్ల వాంతి చేసికొని యుండెను. మనుమడు ఏడ్చెను. చిన్నపిల్లలకు చెవిలోని తూకపు జ్ఞానము ఇంకను ముదరదు గనుక బండిలో వాంతి సహజమేనని వైద్యురాలు ముందే చెప్పియుండెను. గోనెసంచి మార్చి, చిగుళ్లు చూచిరి. గులాబిరంగుతో తడిగానే యుండెను. క్రిందికి దింపుదమని పిల్లవాడు బ్రతిమాలెను. టీకాలు ఇంకను పూర్తికాలేదు, ఊరకుక్కలు తిరుగు నేలమీద అంటురోగముండవచ్చునని చెప్పి, పెట్టెలోనే నీరు త్రాగించిరి.

చీకటిపడువేళకు ఇల్లు చేరిరి. కొడుకు పట్టీలు విప్పబోగా ముసలాయన వారించి, తానే ఒక్కొక్కటిగా విప్పెను. చేతులు వణకుటచే చాల సేపు పట్టెను, ఎవరును తొందరపెట్టలేదు. పెట్టెను పెరటిలో దించి తలుపు తెరువగా, పిల్ల మెల్లగా వెలుపలికి వచ్చి, ఒడలు దులుపుకొని, నాలుగడుగులు వేసి, తిన్నగా ఆయన పాదముమీద మూత్రము పోసెను. ముసలమ్మ గడపలోనుండి పకపక నవ్వెను. ఆయన కాలు తీసికొనక, అది ముగించువరకు అట్లే నిలిచియుండెను.