ఎక్కడున్నారు?

వేసవి సెలవులు మొదలయ్యాయంటే బొల్లారం వీధుల్లో తెల్లవారకముందే టెంపో ట్రావెలర్లు వచ్చి ఆగుతాయి. బాసరకు, షిర్డీకి, కాస్త ధైర్యం చేస్తే కాశీకి. పులిహోర, చేగోడీల డబ్బా, నీళ్ల క్యాన్లు, దుప్పట్లు, పెద్దమ్మ కాళ్లు చాపుకోవడానికి పీట... సగం ఇల్లు బండెక్కుతుంది. ఆఖరి నిమిషంలో ఎవరో ఒక చిన్న గ్యాస్ బండ తెచ్చి సీటు కిందికి నెడతారు, దారిలో టీ పెట్టుకోవచ్చని. అమెరికాలో మనవాళ్లు ఆర్వీ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లినా సామాను దాదాపు ఇదే. కాకపోతే అక్కడి బండిలో గ్యాస్ కారితే మోగే అలారం, విషవాయువు చేరితే మోగే అలారం ఉంటాయి. మన బండిలో మోగేవి పాటలు.

ఆ చిన్న బండను నేనైతే గుమ్మం దాటనివ్వను. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న ఒక రైలు పెట్టె తగలబడింది. ఉత్తరప్రదేశ్ యాత్రికులు తమ కోసం ప్రత్యేకంగా మాట్లాడుకున్న పెట్టె అది. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి గ్యాస్ సిలిండర్ చేరింది. 9 మంది చనిపోయారు. వంటగ్యాస్ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, సీట్ల కింద నేలబారున పరుచుకుని నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. దారి పొడుగునా ధాబాలున్న నాగపూర్ రోడ్డు మీద సొంత టీ కోసం ఇంత సాహసం ఎందుకో నాకు అర్థం కాదు.

గ్యాస్‌కైనా వాసన ఉంటుంది. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు అదీ లేదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన ఆ వాయువు బండి లోపలికి చేరడమే కారణమని పరిశోధనలో తేలింది. కారవాన్లు ఇప్పుడు మన దగ్గరా అద్దెకు దొరుకుతున్నాయి. ఎక్కగానే టీవీ ఎంత పెద్దదో, మంచం ఎంత మెత్తగా ఉందో చూస్తాం. జనరేటర్ పొగ ఎటు పోతుందో అడిగేవాడు ఒక్కడూ ఉండడు. రాత్రి ఆగాక దాన్ని ఆపేసి కిటికీలు తెరుచుకుని పడుకోవాలి. దోమలు కుడతాయి, కుట్టనివ్వండి.

మందుల సంచి గురించి ఒక్క మాట. అది సర్దడంలో మన అమ్మలకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ బయల్దేరే హడావిడిలో అది బండి పైకెక్కి, టార్పాలిన్ కింద, అందరి సూట్‌కేసుల అడుగుకు చేరుతుంది.

ఇవన్నీ వస్తువుల సంగతి. అసలు సిద్ధపాటు వేరే ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట వందమంది దాకా పరివారం, డేరాలు, పల్లకీలు ఉన్నాయి. ఆనాటికి అది కదిలే ఇల్లే. హైదరాబాదు దాటాక నిర్మల్ మీదుగా నాగపూరు వెళ్లాడు. ఇప్పుడు మన బళ్లు పట్టే దిక్కే. ఆయన ఏ మజిలీకి ఆ మజిలీ రాసుకుంటూ పోయాడు: ఊరి పేరు, దూరం, దుకాణాలున్నాయా, నీళ్ల వసతి ఎలా ఉంది. 1831 సెప్టెంబరులో క్షేమంగా ఇల్లు చేరాడు. తాను ఎక్కడున్నాడో ఆయనకు రోజూ తెలుసు. మనకు ఏసీ వేసి కర్టెన్లు దించాక మేడ్చల్ ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవకు కేంద్ర కార్యాలయం ఎక్కడో కాదు, మన పక్కనే, మేడ్చల్ దారిలోని దేవరయాంజాల్‌లో వెలిసింది. ఫోనెత్తినవాళ్లకు ముందు తెలియాల్సింది ఒకటే, ఎక్కడున్నారని. "కామారెడ్డి దాటామండీ" అంటాం. కామారెడ్డి దాటాక నాగపూరు దాకా రోడ్డే కదా! ఫోన్ చూసి చెప్పొచ్చు, నిజమే. అడవి దారిలో సిగ్నల్ ఒక గీత మిగిలినప్పుడు మాట వెళ్తుంది, మ్యాప్ రాదు.

రాళ్లు మాత్రం సిగ్నల్ లేకపోయినా ఉంటాయి. బొల్లారం నుంచి కరీంనగర్ వైపు రాజీవ్ రహదారి పట్టుకుంటే అది రాష్ట్ర రహదారి, కిలోమీటరు రాయికి ఆకుపచ్చ తల. పడమర దిక్కుగా వెళ్లి నాగపూర్ రోడ్డెక్కితే అది జాతీయ రహదారి 44, రాయికి పసుపు తల. ఆ తల మీది రోడ్డు నంబరు, కింద కనిపించే ఊరి పేరు, అంకె, ఏ దిక్కుగా పోతున్నామో ఒక్క ముక్క, ఇవి చెబితే అంబులెన్సు డ్రైవరు వెతుక్కోనక్కర్లేదు. ఈ పని తాతయ్యలకు అప్పగించండి. ఎలాగూ వాళ్లకు బండిలో నిద్రపట్టదు, డ్రైవర్‌కు సలహాలివ్వడమూ మానరు. ముందు సీట్లో కూర్చోబెట్టి చేతికి ఒక చిన్న పుస్తకం, పెన్ను ఇస్తే ఊళ్ల పేర్లు రాసుకుంటారు, డ్రైవర్‌కూ కాస్త ఊపిరాడుతుంది.

బయల్దేరే ముందు ఎమర్జెన్సీ తలుపు ఒకసారి తెరిపించి చూడండి. అద్దం పగలగొట్టే సుత్తి చేతికందే చోట ఉందో లేదో చూడండి. ఫోన్ నంబర్లు పిల్లలకు కూడా నేర్పండి. బండి జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033. రాజీవ్ రహదారి మీద అది పనికిరాదు. 108, 112 మాత్రం ఏ దారిలోనైనా పలుకుతాయి.