వంటింటి హేమంతము

ఉదయమున అంగడినుండి తెచ్చిన తోటకూరకట్ట పొలమును విడిచివచ్చినదే గాని ప్రాణమును విడిచినది కాదు. కోసిన పిమ్మటను ఆకు శ్వాసించుచునే యుండును. తనలో దాచుకొన్న చక్కెరలను వ్యయించుకొనుచు, తేమను గాలికి ధారపోయుచు, ఘడియ ఘడియకును క్షీణించును. మనము తాజాదనమని మెచ్చుకొనునది ఆ శేషించిన ప్రాణమునే. దానిని మఱికొంతకాలము నిలుపుటకై ఇంట రిఫ్రిజిరేటరు వెలసినది. శైత్యము క్షయమును మందగింపజేయును గాని నిర్మూలింపజాలదు. ఈ సత్యమును విస్మరించిన గృహమున ఆ యంత్రము ఆహారమునకు రక్షణ గాక, మఱపునకు నిలయమగుచున్నది.

మన దేశమున శైత్యము ఒకనాడు ఓడలలో దిగుమతియైన సరకు. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి బయలుదేరిన ఓడ యొకటి, అచటి శీతకాలమున గడ్డకట్టిన చెరువుల మంచును నాలుగు మాసములు సముద్రముపై మోసి కలకత్తాకు చేర్చినది. అటువంటి మంచును నిలువచేయుటకై మదరాసు తీరమున కట్టిన ‘ఐస్ హౌస్’, 1897లో వివేకానందస్వామికి విడిదియై, నేటికిని నిలిచియున్నది. ఆ మంచు దొరలకే గాని సామాన్య గృహములకు అందినది కాదు. పాలను, పెరుగును ఉట్టిపై నుంచి, రాత్రి మిగిలిన అన్నమును చద్దిచేసి, ఏ కూరను ఏ పూట వండవలెనో యెఱిగి సంసారములు నడపిన మన పూర్వగృహిణులకు పదార్థముల స్వభావమే శాస్త్రమైనది. యంత్రము వచ్చినంతమాత్రమున ఆ యెఱుక అనవసరము కాలేదు.

రిఫ్రిజిరేటరు లోపలి వేడిమి 4 డిగ్రీల సెల్సియసునకు మించరాదు; ఫ్రీజరు సున్నకు దిగువ 18 డిగ్రీలయొద్ద నుండవలెను. 5 మొదలు 60 డిగ్రీల వఱకు గల మధ్యస్థితియే సూక్ష్మజీవుల అభివృద్ధికి అనువైనది గావున, వండిన పదార్థమును రెండు గంటలలోపల, రోహిణీకార్తె యెండలలో నైనచో ఒక గంటలోపలనే, శైత్యమునకు అప్పగింపవలెను. అన్నము విషయమున మఱింత శ్రద్ధ అవసరము. ఉడుకునకును లొంగని కొన్ని సూక్ష్మజీవుల బీజములు అందు మిగిలియుండి, అన్నము గోరువెచ్చగా చాలసేపు నిలిచినచో మొలకెత్తి విషమును పుట్టించును. మరల వేడిచేసినను ఆ విషము నశింపదు. పప్పునైనను పులుసునైనను పెద్దగిన్నెతో యథాతథముగ నుంచక, వెడల్పైన చిన్నగిన్నెలలోనికి పంచి మూతపెట్టినచో త్వరగా చల్లబడును. గిన్నెల నడుమ గాలి మసలుటకు చోటు లేకుండ క్రిక్కిఱిసిన అరలలో శైత్యము సమముగ వ్యాపింపదు.

స్థానభేదమును పాటించుటయు ముఖ్యము. మాటిమాటికి తెఱచు తలుపువైపు వేడి అధికము గనుక పాలకు, గ్రుడ్లకు లోపలి అరలే తగినవి. పచ్చి చేపలను, మాంసమును మూతగల డబ్బాలో అన్నిటికన్న క్రింది అరయం దుంచినచో, వాటి నీరు వండిన పదార్థములపై పడదు. ఆకుకూరలను, కొత్తిమీరను తడి లేకుండ పొడిగుడ్డలో చుట్టియుంచి, వండుటకు ముందు కడుగుట మేలు. పండిన మామిడి, యాపిలు, టమాటా మొదలగునవి ఎథిలీను అను వాయువును విడుచును. వాటి చెంతనున్న పాలకూర త్వరలోనే పసుపువన్నె కెక్కును. కావున పండ్లకును కూరలకును వేర్వేరు అరలు కావలెను.

చలి అన్నిటికిని హితము కాదు. ఉష్ణదేశమున పుట్టిన అరటిపండు 13 డిగ్రీలకు దిగువ తొక్క నల్లబడి చెడును. వంకాయ, బెండకాయ, కీరదోసకాయ చలిలో చాలదినములుంచినచో గుంటలు పడి మెత్తబడును. వాటిని రెండుమూడు దినములకు సరిపడ కొనుటయే వివేకము. బంగాళాదుంపలోని పిండిపదార్థము చలిలో చక్కెరగా మాఱును; అందుచేతనే అట్టి దుంపను వేఁపినపుడు ముక్క త్వరగా నల్లబడును. ఉల్లిగడ్డలకు చలికన్న గాలితగులు పొడిచోటే మేలు.

ఇక కాలపరిమితి. రుబ్బిన ఇడ్లీపిండి చలిలో సైతము మెల్లగా పులియుచునే యుండును. వండిన కూరయు అట్లే నెమ్మదిగా మార్పు చెందును. శైత్యమునందును పెరుగగల సూక్ష్మజీవులు కొన్ని కలవు. వాటి ఉనికిని వాసనయు, రుచియు ఎల్లవేళల తెలుపవు. వండిన పదార్థమును మూడునాలుగు దినములకు మించి ఉంచకుండుటయే క్షేమము.

అన్నమును పరబ్రహ్మస్వరూపమని భావించు జాతికి ఆహారమును వ్యర్థము చేయుట పాపమని వేఱుగ బోధింప నక్కఱలేదు. అయినను అరల వెనుక దాగి కుళ్ళిన కూరగాయయు, మఱచిపోయిన గిన్నెలోని పులుసును వ్యర్థమైన అన్నమే, వ్యర్థమైన రైతుశ్రమయే. పాఠకమహాశయులారా, అంగడికి బయలుదేరుటకు ముందు ఒకసారి ఆ తలుపు తెఱచి చూడుడు. ముందు తెచ్చినదానిని ముందు వండుడు. పిమ్మటనే సంచి చేతబట్టుడు.