వాసనాశేషం

లెస్టర్‌లో స్థిరపడిన ఒక తెలుగు గృహస్థు ఇంట, నడవ గోడకు పాత థర్మోస్టాట్ ఒకటి ఉండేది. ప్రతి ఉదయం పూజకు ముందు ఆయన ధర్మపత్ని దాని చక్రాన్ని 20కి తిప్పేవారు. ఆమె పరమపదించిన తరువాతి శీతకాలంలో కుమారుడు స్మార్ట్ పరికరం పెట్టించాడు. బాయిలర్ ఇప్పుడు దాని ఆజ్ఞనే శిరసావహిస్తుంది. అయినా పాతదానిని తొలగించడానికి ఆయన రెండేళ్లు సమ్మతించలేదు.

చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "అది ఎప్పుడో ఆగిపోయింది కదా నాయనా" అన్నారాయన. అతడు మూత విప్పి మీటరు ఆనించాడు: 230 వోల్టులు! బాయిలర్ వద్ద ఫేజు తీగ కొసను ఎవరూ విడదీయలేదు. కర్మ నిలిచినా వాసన క్షయించలేదు. దశాబ్దాల వేదాంతశ్రవణంలో ఆ మాట ఆయనకు ఇంత సూటిగా ఎన్నడూ తాకలేదు.

అతడు సరఫరా ఆపి, అక్కడి కొసను విడదీసి, ఇక్కడి తీగలను కనెక్టరులో బిగించి, పైన తెల్లని పలక అమర్చి వెళ్లాడు. ఆయన ఆ పరికరాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. చక్రం ఇంకా 20 వద్దనే ఉంది. చేతి వెచ్చదనానికి లోపలి ద్విలోహపట్టీ వంగి, టిక్కుమన్నది.